యెరూషలేము యాత్రలు నడిపేవారికి బహిరంగ లేఖ: ‘ప్రభువు కాలపు దీపాల’ అమ్మకాల గురించి

గౌరవనీయులైన యాత్రా నిర్వాహకులకు, బృందాలను ముందుండి నడిపించే అయ్యగార్లకు, యాత్రికులకు ఆర్థిక సహాయం మంజూరు చేసే శాఖల అధికారులకు,

వందనాలు. భాష తెలియని దేశానికి మా పెద్దవాళ్లను చేయి పట్టుకొని తీసుకువెళ్లి, క్షేమంగా ఇంటికి చేరుస్తున్న మీ శ్రమ మాకు తెలుసు. ఆ గౌరవంతోనే ఈ లేఖ రాస్తున్నాను. నకిలీ దీపాలను, సరైన పత్రాలు లేని పాత దీపాలను ‘ప్రభువు కాలపువి’ అని చెప్పి మన యాత్రికులకు అమ్ముతున్నారన్న విషయాన్ని మొదట ఒక యాత్రా సంస్థకు ఉత్తరం ద్వారా, తరువాత ఈమెయిల్ ద్వారా తెలియజేశాను. ఉత్తరానికి జవాబు రాలేదు. ఈమెయిల్‌కు వచ్చిన జవాబులో, కొనుగోళ్లు యాత్రికుల సొంత వ్యవహారమనీ వాటితో సంస్థకు సంబంధం లేదనీ ఒక్క వాక్యం ఉంది. సంబంధం ఉందని నేను నమ్ముతున్నాను. పైగా ఇది ఒక్క సంస్థతో ఆగే సంగతి కాదు. అందుకే అందరి ఎదుటా రాయవలసి వచ్చింది.

మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉన్నారు. మిషను కుట్టి పిల్లలను చదివించిన మనిషి. ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతో యెరూషలేము చూసి వచ్చారు. పాత నగరంలో గైడు బృందాన్నంతా ఒక దుకాణంలోకి తీసుకువెళ్లగా, అక్కడి వ్యాపారి ఆమె అరచేతిలో సిలువ గుర్తున్న ఒక మట్టి దీపం పెట్టి, ఇది ప్రభువు నడిచిన రోజుల నాటిదనీ, ఉపమానంలోని పదిమంది కన్యకలు పట్టుకున్నది ఇలాంటి దీపమేననీ చెప్పాడు. గైడు ఆ మాటను తెలుగులో మరింత గట్టిగా చెప్పాడు. ఆమె తన దగ్గర ఉన్నది చాలక, తోటి యాత్రికురాలి దగ్గర అప్పు తీసుకొని మరీ కొన్నారు. ఆ అప్పు తీర్చడానికి ఇంటికి వచ్చాక ఆమె మెడలోని గొలుసు తాకట్టుకు వెళ్లింది.

ఆ దీపాన్ని, దానితో ఇచ్చిన కాగితాన్ని నేను చూశాను. దీపం అరచేతిలో ఇమిడేంత ఉంది, నీటి బొట్టు ఆకారం, గోధుమ రంగు మట్టి. పై సగం, కింది సగం కలిసిన చోట అతుకును గరుకు కాగితంతో రుద్దినట్టు సన్నని గీతలు ఒకే దిశలో సాగాయి. వత్తి ఉంచే మూతి చుట్టూ ఉన్న మసి తడి గుడ్డతో ఒక్కసారి తుడవగానే వేలికి అంటింది. లోపల మాత్రం మసి జాడ లేదు, నూనె ఇంకిన మరక లేదు. కాగితానికి బంగారు రంగు అంచు, గుండ్రటి ముద్ర, ‘రెండు వేల సంవత్సరాల నాటి అసలైన వస్తువు’ అన్న ఇంగ్లీషు వాక్యం, ఒక సంతకం ఉన్నాయి. వ్యాపారి లైసెన్సు సంఖ్య లేదు. ఆ వస్తువుకు రిజిస్టరులో ఉండవలసిన సంఖ్య లేదు. దేశం దాటించడానికి అనుమతి ఉందో లేదో ఒక్క ముక్క లేదు.

ఆ మట్టి వయసు తేల్చడం ప్రయోగశాల పని. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన నేను ఆ పని చేయలేను. అయితే వ్యాపారి చెప్పిన మాట నిజం కాదనడానికి ప్రయోగశాల అక్కరలేదు, దీపం మీద ఉన్న సిలువే చాలు. యేసు ప్రభువు కాలంలో యూదయలో, గలిలయలో ఇళ్లలో వెలిగిన దీపాలను పురావస్తు శాస్త్రజ్ఞులు హేరోదు కాలపు దీపాలంటారు. వాటి పొట్టను సారె మీద తిప్పి చేసేవారు. మూతిని విడిగా చేసి అతికించి కత్తితో చెక్కేవారు. అవి చాలావరకు ఏ బొమ్మా లేని సాదా దీపాలు. వాటి మీద సిలువ ఉండదు. మొదటి శతాబ్దంలో సిలువ రోమా సైన్యం మనుషులను చంపిన కొయ్య. ఎవరూ దాన్ని ఇంటి దీపం మీద అచ్చు వేసుకోలేదు. రోము నగరంలో మంచి కాపరి బొమ్మ ఉన్న దీపాలు నాలుగో శతాబ్దానికి ముందే కనిపిస్తాయి కానీ, గొర్రెను భుజాన మోసే కాపరి అన్యులకు కూడా పరిచయమైన బొమ్మే. సిలువ, క్రీస్తు నామపు మొదటి రెండు గ్రీకు అక్షరాలను పెనవేసిన గుర్తు దీపాల మీద విరివిగా కనబడేది కాన్‌స్టంటైన్ చక్రవర్తి తరువాత, అంటే నాలుగో శతాబ్దం నుంచి. కాబట్టి ‘ప్రభువు కాలపు సిలువ దీపం’ అని ఎవరైనా అమ్మితే, ఆ వస్తువు పాతదైనా కొత్తదైనా ఆ మాట మాత్రం అబద్ధం. బృందాన్ని నడిపించే ప్రతి ఒక్కరికీ ఈ ఒక్క విషయం తెలిసి ఉంటే మా పెద్దమ్మ గొలుసు తాకట్టుకు వెళ్లేది కాదు.

నిజమైన దీపాల సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే అవి అబద్ధపు కథ అవసరం లేనంత గొప్పవి. ఇప్పటి ట్యునీషియా ప్రాంతపు కుమ్మరి ఆవాలలో ఐదు, ఆరు శతాబ్దాలలో కాల్చిన ఎర్రమట్టి దీపాల మీద సిలువలు, చేపలు, పావురాలు, నెమళ్లతో పాటు బైబిలు ఘట్టాలు కూడా కనిపిస్తాయి; అగ్నిగుండంలోని ముగ్గురు హెబ్రీ యువకులు, కనాను నుంచి ద్రాక్షగెలను కర్రకు వేలాడదీసి మోసుకొస్తున్న వేగులవారు వాటిలో ఉన్నారు. ఆ దీపాలు ఓడలెక్కి మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న రేవులన్నిటికీ వెళ్లాయి. ఏథెన్సు కుమ్మరులు వాటిని చూసి అచ్చులు తీసుకున్నారు. యెరూషలేము చుట్టుపక్కల కుమ్మరులది మరో పద్ధతి. మెత్తని సున్నపురాయిలో చెక్కిన అచ్చుల్లో మట్టిని నొక్కి, రెండు సగాలను కలిపి, నడుమ నూనె పోసే పెద్ద రంధ్రం ఉంచేవారు. నాలుగు నుంచి ఏడో శతాబ్దం దాకా అక్కడ వచ్చిన ఇలాంటి దీపాలలో కొన్నిటి భుజం చుట్టూ గ్రీకు అక్షరాలు తిరుగుతాయి: ‘క్రీస్తు వెలుగు అందరికీ ప్రకాశిస్తుంది.’ చదువురాని కుమ్మరులు అచ్చును చూసి అచ్చు తీయడం వల్ల చాలా దీపాల మీద ఆ వాక్యం చెదిరిపోయి, అర్థం కాని గీతలుగా మిగిలింది. ఆ తప్పులను సరిపోల్చి చూసే పండితులకు ఏ అచ్చు నుంచి ఏ అచ్చు పుట్టిందో తెలుస్తుంది.

యెరూషలేముకు నైరుతి దిక్కున ఉన్న బేత్ నత్తీఫ్‌లో 1934లో దిమిత్రి బరామ్కీ తవ్వించిన నీటి తొట్లలో ఒక దీపాల కర్మాగారం వదిలేసిన సరుకు రాశులుగా దొరికింది. మరుగున పడిపోయిన ఆ చోటును మళ్లీ గుర్తించి తవ్వినప్పుడు వందల కొద్దీ పూర్తి దీపాలు, రాతి అచ్చులు బయటపడ్డాయని ఇజ్రాయేల్ పురావస్తు శాఖ 2020లో ప్రకటించింది. అక్కడి దీపాల మీది గుర్తులను బట్టి, ఏడు కొమ్మల దీపస్తంభం కోరే యూదులకూ ఇతరులకూ ఒకే కుమ్మరి సరుకు అందించాడని అర్థమవుతోంది. దీపాలు తాము పడిన చోటే దొరికాయి కాబట్టి ఈ సంగతి తెలిసింది. అవే దీపాలను ఒక్కొక్కటిగా రాత్రిపూట తవ్వుకుపోయి దుకాణపు అద్దాల వెనుక పెట్టి ఉంటే, ఆ కర్మాగారమూ ఆ కొనుగోలుదారులూ ఎప్పటికీ మనకు తెలిసేవారు కాదు. తవ్వకాలలో ఒక నేల ఏ కాలానిదో తేల్చడానికి నాణెంతో పాటు ఎక్కువగా ఆధారపడేది దీపం మీదే. చోటు తెలియని దీపం చేతికి అందంగా ఉంటుంది కానీ చరిత్రకు మూగదే.

ఇక చట్టం. 1978 నాటి ఇజ్రాయేల్ పురావస్తు చట్టం ప్రకారం క్రీ.శ. 1700కు ముందు మనిషి చేసిన వస్తువు పురావస్తువు. చట్టం వచ్చాక భూమిలో దొరికినదంతా ప్రభుత్వానిది. అంతకు ముందు నుంచి ఉన్న సేకరణలను మాత్రం లైసెన్సు ఉన్న వ్యాపారులు అమ్మవచ్చు. ఆ వస్తువును దేశం బయటికి తీసుకుపోవాలంటే పురావస్తు శాఖ రాతపూర్వక అనుమతి కావాలి. అంటే, అక్కడ పాత దీపం కొనడం దానికదే నేరం కాదు. ఈ మాట నేను దాచను. కానీ ఈ వెసులుబాటులో ఒక పెద్ద కన్నం ఉంది. అమ్ముడైన దీపాన్ని లెక్కలో చూపకుండా, దాని రిజిస్టరు సంఖ్యనే కొత్తగా తవ్వి తెచ్చిన దీపానికి తగిలించే పద్ధతిని మోరాగ్ కెర్సెల్ అనే పురావస్తు పరిశోధకురాలు వివరంగా బయటపెట్టారు. యాత్రికుడు పేరు, తేదీ, సంఖ్య ఉన్న సరైన రసీదు అడగకపోవడం, అనుమతి పత్రం కోరకపోవడం ఈ మోసానికి ఎంతో అనుకూలం. ఆ తరువాత 2016 నుంచి వ్యాపారుల నిల్వలు కంప్యూటరులో నమోదు కావాలన్న నిబంధన వచ్చింది. అది పని చేయాలన్నా కొనేవాడు అడగాలి. మన యాత్రల దారిలోనే ఉన్న ఈజిప్టులో 1983 నాటి 117వ చట్టం పురావస్తువుల వ్యాపారాన్నే నిషేధించింది. జోర్డానులోనూ ఆ వ్యాపారానికి తావు లేదు. అక్కడ ఎవరైనా పాత దీపం అమ్మజూపితే అది నకిలీ అయినా కావాలి, దొంగ సొత్తు అయినా కావాలి.

దీనివల్ల మామూలు మనుషులకు కలుగుతున్న నష్టాలను మీ ముందు ఉంచుతున్నాను.

1. డబ్బు నష్టం. యెరూషలేము యాత్రకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే సహాయాన్ని 2019లో, ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి 60,000 రూపాయలకు, అంతకు మించినవారికి 30,000 రూపాయలకు పెంచారు. అంత సహాయం ఇచ్చి పంపవలసిన మనుషులు వీళ్లు. మిగతా ఖర్చుకు చీటీ పాడినవారు, గేదెను అమ్మినవారు, పెన్షను డబ్బు దాచుకున్నవారు. ఇలాంటివారి చేతిలో ఒక నకిలీ దీపం పెట్టి నెలల సంపాదన లాగడం చిన్న విషయంగా కొట్టివేయదగింది కాదు. సరుకు వెనక్కి ఇవ్వడానికి వీలు లేదు, ఫిర్యాదు చేయడానికి భాష రాదు, మళ్లీ ఆ దేశానికి వెళ్లే స్తోమత లేదు.

2. విమానాశ్రయంలో భయం, అవమానం. దీపం నిజంగా పాతదై, అనుమతి పత్రం లేకపోతే, తనిఖీలో అది బయటపడ్డప్పుడు నిలబడేది గైడు కాదు, దుకాణదారుడు కాదు, పెట్టె ఎవరిదో వాళ్లే. చట్టం కళ్లలో వాళ్లు అక్రమంగా పురావస్తువును దాటిస్తున్నవాళ్లు. హీబ్రూ గానీ ఇంగ్లీషు గానీ రాని ఒక వృద్ధురాలిని పక్క గదిలో కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగితే ఆమె ఏమని చెప్పగలదు? విమానం ఆగదు, బృందం ఆగదు. అయ్యగారు ఆమె కోసం వెనక ఉండిపోతే మిగిలిన బృందానికి దిక్కెవరు?

3. ఇంటికి చేరాక కూడా చిక్కులు తీరవు. మోసపోయామని తెలిసి అమ్మేద్దామనుకుంటే, అది నిజంగా పాతదైతే, మన దేశంలో 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం ఆ వ్యాపారానికి లైసెన్సు కావాలి. అమెరికాలో ఉన్న కొడుకుకో కూతురికో కానుకగా పంపుదామనుకుంటే, నూరేళ్లు దాటిన పురావస్తువును దేశం బయటికి పంపే అధికారం ప్రైవేటు వ్యక్తులకు లేదు. ఎన్నో తెలుగు కుటుంబాలకు బంధువులు విదేశాల్లో ఉన్న ఈ రోజుల్లో ఇది ఊహకు మాత్రమే పరిమితమైన ఇబ్బంది కాదు. తెలియక చేసినా తప్పు తప్పే అవుతుంది.

4. తవ్వకాల దగ్గర బతికేవారికి జరిగే నష్టం మన కంటికి కనబడదు. దొంగతవ్వకాలు చేసేవారిలో చాలామంది పని దొరకని పేద పల్లెవాళ్లు. వాళ్లకు దక్కేది పిసరంత, దళారికీ దుకాణానికీ దక్కేది కొండంత. సమాధి గుహల్లో పైకప్పు కూలే ప్రమాదాన్ని మాత్రం వాళ్లే మోస్తారు. మనం కొనే ఒక్కో దీపం వెనుక ఎవరో పెద్దవాళ్ల సమాధిని తవ్వి, ఎముకలను పక్కకు నెట్టి ఉండవచ్చు. ఆ సమాధిని కట్టినవాళ్లు క్రీస్తు వెలుగు అందరిదీ అని రాసి ఉన్న దీపాన్ని తమ మృతుల పక్కన పెట్టుకున్న విశ్వాసులే కావచ్చు. ఇది తలుచుకుంటే ఆ దీపాన్ని ముట్టుకోవడానికే నాకు మనసు ఒప్పదు.

5. పిల్లలకు అబద్ధం నేర్పడం. ఇలా వచ్చిన దీపాలు కొన్ని సంఘాలలో అద్దాల బీరువాకెక్కాయి. క్రిస్మసు పండుగకు వాటిని బయటికి తీసి ‘యేసు కాలపు దీపం’ అని పిల్లలకు చూపిస్తున్నారు. ఆ పిల్లల్లో ఒకరు రేపు చరిత్ర చదివి, ఇది నిజం కాదని తెలుసుకుంటే, మనం చెప్పిన మిగతా మాటలను ఏ కళ్లతో చూస్తారు?

ఎంతో డబ్బున్నవారే మోసపోతుంటే మావాళ్లెంత అని ఒకరు నాతో అన్నారు. నిజమే, మోసం పెద్దవాళ్లకూ జరిగింది. అమెరికాలోని మ్యూజియం ఆఫ్ ది బైబిల్ తన దగ్గరున్న పదహారు మృతసముద్రపు చుట్టల (ప్రాచీన హెబ్రీ రాతప్రతుల) ముక్కలూ నకిలీవేనని 2020లో స్వయంగా ప్రకటించింది. ఆ మ్యూజియం వెనుక ఉన్న కుటుంబానికి చెందిన హాబీ లాబీ సంస్థ ఇరాకు నుంచి వచ్చిన ప్రాచీన మట్టి పలకలను తప్పుడు పేర్లతో దిగుమతి చేసుకున్న కేసులో 2017లో 30 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకొంది. కానీ వాళ్లకు నిపుణులున్నారు, లాయర్లున్నారు. మా పెద్దమ్మకు ఉన్నది గైడు, మీరు. కాబట్టి బాధ్యత తగ్గేది కాదు, మరింత పెరిగేది.

యాత్ర నుంచి ఏదో ఒకటి తెచ్చుకోవాలన్న కోరికను నేను తప్పుపట్టడం లేదు. అది మనకంటే చాలా పాతది. నాలుగో శతాబ్దం చివరలో యెరూషలేములో ఉండి అక్కడి ఆరాధనను వర్ణించిన ఎగేరియా అనే యాత్రికురాలు, యేసు సమాధి చోట కట్టిన పునరుత్థాన మందిరంలో సాయంకాలం దీపాలన్నీ వెలిగించే తీరును రాసింది: నిప్పు బయటి నుంచి తీసుకురారట, రాత్రింబవళ్లు దీపం వెలిగే ఆ సమాధి గుహ లోపలి నుంచే తెస్తారట. సుమారు 570లో ఇటలీలోని పియాచెంజా నుంచి వచ్చిన మరొక యాత్రికుడు, సమాధి దగ్గర పగలూ రాత్రీ వెలిగే దీపం నుంచి ఆశీర్వాదం తీసుకున్నామని రాశాడు. ఆనాటి యాత్రికులు ఇంటికి తెచ్చుకున్నవి పిసరంత నూనె, చిటికెడు మట్టి. దీపాన్ని దాని చోటనే వదిలారు.

ఈ నేపథ్యంలో మిమ్మల్ని కోరుతున్నవి ఇవి.

యాత్రా సంస్థల యజమానులారా, ప్రయాణానికి ముందు జరిపే సమావేశంలో పాస్‌పోర్టు, మందులు, వాతావరణం గురించి చెప్పినట్టే పురావస్తువుల గురించి కూడా తెలుగులో చెప్పండి, ఒక కాగితం మీద అచ్చువేసి ఇవ్వండి. అందులో మూడు మాటలు చాలు: మొదటి శతాబ్దపు సిలువ దీపం అన్నది లేదు, లైసెన్సు సంఖ్య, రిజిస్టరు సంఖ్య, ఎగుమతి అనుమతి మూడూ చేతికి రాకుండా పాత వస్తువు కొనవద్దు, జోర్డానులో, ఈజిప్టులో అసలే కొనవద్దు. ఏ దుకాణానికి తీసుకువెళ్తారో, అక్కడి అమ్మకాలపై మీకు గానీ మీ గైడుకు గానీ కమీషన్ ముడుతుందో లేదో డబ్బు కట్టించుకునే ముందే రాతపూర్వకంగా తెలపండి. కమీషన్ తీసుకుంటే ఆ అమ్మకం మీ వ్యవహారం కాదని చెప్పే హక్కు మీకు ఉండదు. మోసపోయిన యాత్రికుల తరఫున ఆ దుకాణంతోనూ, అక్కడి పురావస్తు శాఖతోనూ ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపే పని మీదే. ఆ పనికి ఒక ఉద్యోగిని నియమించి ఫోను నంబరు ఇవ్వండి.

అయ్యగార్లకు నా మనవి. మీ మాట మీద నమ్మకంతోనే జనం బస్సు ఎక్కుతున్నారు. దుకాణంలో మీరు మౌనంగా ఉంటే దాన్ని వాళ్లు ఒప్పుకోలుగా తీసుకుంటారు. దయచేసి అక్కడే, అందరి ముందే చెప్పండి. దుకాణానికి ఇచ్చే గంటలో కొంత, యేసు సిలువ మోసిన దారిగా చెప్పే శ్రమల దారిలో రెండో మజిలీ దగ్గరే ఉన్న ఫ్రాన్సిస్కన్ సన్యాసుల మ్యూజియానికి కేటాయించండి. బృందాలన్నీ దాని తలుపు ముందు నుంచే నడుస్తాయి. తవ్వకాలలో దొరికిన వస్తువులు ఎక్కడ దొరికాయో తెలిసి ఉన్న చోట చూడటం వేరు. ఇంటికి ఒక దీపం తెచ్చుకోవాలనుకునేవారికి, ఇది కొత్తదే అని చెప్పి అమ్మే నమూనా దీపాలు అక్కడి కుమ్మరుల దగ్గర, మ్యూజియం దుకాణాల దగ్గర తక్కువ ధరకు దొరుకుతాయి. వాటిలో నూనె పోసి వెలిగించుకోవచ్చు కూడా. మీ సంఘపు బీరువాలో ఇప్పటికే ఉన్న దీపాల కింద ‘యేసు కాలపు’ అన్న చీటీ ఉంటే దాన్ని ఈ నెలలోనే తీసివేయండి. ఆ వస్తువులను మాత్రం పారేయవద్దు, అమ్మవద్దు. కొన్న చోటు, తేదీ, ఇచ్చిన కాగితం అన్నీ జతచేసి భద్రపరచండి.

అధికారులకు: సహాయం మంజూరు పత్రంతో పాటు ఈ హెచ్చరికను జతచేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. సహాయం పొందే బృందాలను తీసుకువెళ్లే సంస్థలతో కుదుర్చుకునే ఒప్పందంలో, కమీషన్ వెల్లడి, ఫిర్యాదుల స్వీకరణ అన్న రెండు షరతులు చేర్చండి. ఫిర్యాదుకు ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వని సంస్థను తరువాతి జాబితాలోకి తీసుకోవద్దు. తెలంగాణ యాత్రికులకూ ఇదే హెచ్చరిక చేరేలా రెండు రాష్ట్రాల శాఖలూ మాట్లాడుకుంటే మేలు.

2023 అక్టోబరులో మొదలైన యుద్ధంతో ఈ యాత్రలు బాగా దెబ్బతిన్నాయి. మళ్లీ బృందాలు కట్టే ప్రతి సంస్థా పాత ఒప్పందాలను, పాత గైడులను, పాత దుకాణాలను కొత్తగా చూసుకునే వీలు ఇప్పుడే ఉంది. మీ తరువాతి బృందానికి పేర్లు నమోదు చేసుకోవడం మొదలయ్యేలోగా పై కోరికలలో దేనిని అమలు చేస్తారో, దేనిని చేయలేరో, ఎందుకు చేయలేరో బహిరంగంగానే తెలియజేయమని కోరుతున్నాను. మా పెద్దమ్మ కొన్న దీపాన్ని, కాగితాన్ని ఎవరు పరిశీలించాలనుకున్నా చూపించడానికి ఆమె సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
సంఘ సభ్యురాలు, విశ్రాంత చరిత్ర అధ్యాపకురాలు,
గుంటూరు జిల్లా